చిన్న ఎస్‌యూవీల్లో మీ ఇంటికి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా?

"నెక్సాన్ తీసుకోమంటావా, బ్రెజా తీసుకోమంటావా?" అని ఫోన్ చేసే చుట్టాలు మాకు ఏడాదికి నలుగురైదుగురు ఉంటారు. నేనేమీ మెకానిక్‌ని కాదు. ఇంట్లోకి రెండు కార్లు కొన్నాను. మొదటిదానితో బుద్ధి వచ్చింది, రెండోది బాగా కుదిరింది, అంతే నా అర్హత. ఎవరు అడిగినా నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

చాలామంది ఒక్క క్షణం ఆగిపోతారు. అప్పటిదాకా వాళ్లు చూసిన వీడియోలన్నీ స్టీరింగ్ వెనక కూర్చున్నవాళ్లు తీసినవే. కొనేది ఇంటిల్లిపాది కోసం అయితే లెక్క వెనక సీటు నుంచి మొదలుపెట్టాలి.

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి

గడిచిన మూడు నెలల్లో ఇంట్లోవాళ్లు ఎక్కడెక్కడికి వెళ్లారో గుర్తు తెచ్చుకుని రాయండి. బస్సులో వెళ్లినా, క్యాబ్‌లో వెళ్లినా, బండి మీద వెళ్లినా సరే. ఒక్కో ప్రయాణానికి నాలుగు సంగతులు చాలు: ఎంతమంది, ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి రోడ్డు, ఏం సామాను.

మా బావగారి కాగితంలో ఒక వరుస ఇలా ఉంది: "ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట. ఐదుగురం. 130 కి.మీ. హైవే, చివర ఊళ్లో గుంతల రోడ్డు. వెళ్లేటప్పుడు రెండు సూట్‌కేసులు, వచ్చేటప్పుడు వాటికి తోడు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ." ఈ ఒక్క వరుసలోనే డిక్కీ ఎంత ఉండాలో, ఇంజన్ ఎంత లాగాలో, కింద ఎంత ఎత్తు ఉండాలో తెలిసిపోతుంది. ఇలాంటి వరుసలు పది రాస్తే మీకు ఏ కారు అక్కర్లేదో కూడా తేలుతుంది.

కాగితంలో ఆరుగురు ఉన్న వరుసలు తరచూ కనిపిస్తే చిన్న ఎస్‌యూవీల గురించి ఇక ఆలోచించకండి. ఎర్టిగా, కారెన్స్ లాంటి మూడు వరుసల బళ్లు చూసుకోండి. ఐదు సీట్ల కారులో ఆరోవాళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరు వెళ్లడం మన ఇళ్లలో మామూలే అనుకుంటాం గానీ, గట్టిగా బ్రేక్ వేసిన రోజున ఒళ్లో ఉన్న పిల్లాణ్ని ఏ చేతులూ ఆపలేవు.

ఏ బళ్లని ఒక గాటన కట్టాలి?

మన దేశంలో "చిన్న ఎస్‌యూవీ" అనే మాట పన్నుల నుంచి పుట్టింది. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ లోపు గానీ, డీజిల్ ఇంజన్ 1,500 సీసీ లోపు గానీ ఉంటే తక్కువ పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి కార్ల మీద జీఎస్టీ 18 శాతం, ఆ గీత దాటినవాటి మీద 40 శాతం. టాటా నెక్సాన్, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, స్కోడా కైలాక్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, అన్నీ 3,990, 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోవడం యాదృచ్ఛికం కాదు. ఆ ఐదు మిల్లీమీటర్ల కోసం బంపర్లు చెక్కేస్తారు. మారుతి బ్రెజా పొడవు కూడా 3,995 మిల్లీమీటర్లే. కానీ దాని పెట్రోల్ ఇంజన్ 1,462 సీసీ, అందుకని అది ఎక్కువ పన్ను గడిలోకి వెళ్తుంది. ధర పోల్చేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

ఈ గుంపులోనే ఇంకా చిన్నవి టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్. వీటి పొడవు 3.8 మీటర్ల చిల్లర. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఎక్కువగా ఊళ్లోనే తిరుగుడు అయితే ఇవి చాలు. పెద్దది కొనలేకపోయామన్న వెలితి పెట్టుకోనక్కర్లేదు. ఇరుకు గల్లీలో రివర్స్ చేసుకునే రోజున మీరే సంతోషిస్తారు.

అన్ని కార్లూ అడుగు ఎక్కువ తక్కువ లేకుండా ఒకే పొడవులో ఉంటే లోపల తేడా ఎక్కడి నుంచి వస్తుంది? వీల్‌బేస్ నుంచి, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం నుంచి. అలాగే వెడల్పు నుంచి. నెక్సాన్ వీల్‌బేస్ 2,498 మిల్లీమీటర్లు, బ్రెజాది 2,500, కైలాక్‌ది 2,566, 3ఎక్స్ఓది 2,600. వెడల్పులో 3ఎక్స్ఓ 1,821, కైలాక్ 1,783. కాగితం మీద ఇది నాలుగు సెంటీమీటర్ల లోపు తేడా. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని విజయవాడ దాకా వెళ్తే ఆ నాలుగు సెంటీమీటర్ల విలువ భుజాలకి తెలుస్తుంది. అయితే అంకెల దగ్గరే ఆగకండి. సీటు ఎలా మలిచారో, డోర్ ప్యాడ్ ఎంత లావుందో ఏ కాగితంలోనూ ఉండదు.

ఇక్కడికి వచ్చేసరికి మీ చేతిలో మూడు పేర్లకు మించి ఉండకూడదు. నాలుగోది చేర్చాలనిపిస్తే ముందున్న మూడింటిలో ఒకటి కొట్టేయండి.

ఆన్‌రోడ్ ధర దగ్గర గీత గీసుకోండి

షోరూంలో చెప్పేది ఎక్స్‌షోరూం ధర, మీ జేబులోంచి వెళ్లేది ఆన్‌రోడ్ ధర. మధ్యలో లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ వచ్చి కూర్చుంటాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ లైఫ్ ట్యాక్స్ ధర శ్లాబును బట్టి పెరుగుతుంది. 10 లక్షల దగ్గర ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు ఎక్కితే పెరిగిన శాతం పై మొత్తానికి మాత్రమే కాదు, పూర్తి ధరకి పడుతుంది. పైగా 10 లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను, కూడా కట్టించుకుంటారు. అది ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, మర్చిపోకండి. అందువల్ల 9 లక్షల 90 వేల వేరియంట్‌కీ, 10 లక్షల 20 వేల వేరియంట్‌కీ మధ్య అసలు తేడా 30 వేలు కాదు, అంతకు చాలా ఎక్కువ.

ఇప్పుడు ముఖ్యమైన పని. మోడల్‌కీ మోడల్‌కీ పోలిక పెట్టడం మానేయండి. మీ బడ్జెట్ గీతకి దగ్గరగా, ఒకే ఆన్‌రోడ్ ధరలో మూడు కార్లలోనూ వచ్చే వేరియంట్లు ఏవో చూసి వాటినే పక్కపక్కన పెట్టండి. వీడియోలో చూపించేది ఎప్పుడూ టాప్ ఎండ్. మీరు కొనేది మధ్య వేరియంట్. ఒక కంపెనీ మధ్య వేరియంట్‌లో వెనక వైపర్ ఉండదు, ఇంకోదాంట్లో వెనక ఏసీ వెంట్లు ఉండవు, మరోదాంట్లో డ్రైవర్ సీటు పైకీ కిందకీ జరగదు. ఈ మూడూ మా ఇంట్లో రోజూ వాడేవే. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ కోసం ఇవి వదులుకున్నవాళ్లని చూశాను. మే నెలలో కడప ఎండకి ఆ అద్దం కింద పరదా తీసే ధైర్యం ఎవరికీ ఉండదు.

లోన్ తీసుకుంటుంటే నెల వాయిదా చూసి మురిసిపోవద్దు. 8 లక్షల లోన్, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకి నెలకు సుమారు 16,600, ఏడేళ్లకి సుమారు 12,900. రెండోది తేలిగ్గా కనిపిస్తుంది, కానీ మొత్తం వడ్డీ దాదాపు 85 వేలు ఎక్కువ కడతారు. ఆ డబ్బుతో నాలుగు టైర్లు మార్చుకుని, రెండు మూడేళ్ల ఇన్సూరెన్స్ కట్టుకోవచ్చు. ఏడేళ్లు పెడితే గానీ అందని కారు మీ గీతకి పైన ఉన్నట్టే.

పెట్రోలా, డీజిలా? నేను పప్పులో కాలేసింది ఇక్కడే

నా మొదటి కారు డీజిల్. మైలేజ్ ఎక్కువ, పికప్ బాగుంటుంది, అందరూ అదే అన్నారు. మా ఇంటి నుంచి ఆఫీసు 6 కిలోమీటర్లు. ఐదో నెలలో డ్యాష్‌బోర్డ్ మీద పసుపు రంగు లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో చెప్పింది ఏంటంటే, బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) డీజిల్ బండి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. బండి కాసేపు ఆగకుండా మంచి వేగంతో పరిగెడితేనే లోపల వేడి పుట్టి ఆ మసి కాలిపోతుంది. ట్రాఫిక్‌లో ఆరు కిలోమీటర్లు నత్తనడక నడిచే బండికి ఆ అవకాశమే రాదు. తర్వాత రెండేళ్లపాటు ఆదివారం పూట పని లేకపోయినా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఓ ముప్పై కిలోమీటర్లు తిప్పుకొచ్చేవాణ్ని. మైలేజ్ కోసం కొన్న బండికి డీజిల్ అలా కాల్చాను.

అందుకే కాగితంలో ఉన్న కిలోమీటర్లతోనే లెక్క వేయండి. నెలకు 800 కి.మీ. అనుకోండి. పెట్రోల్ బండి లీటరుకు 13, డీజిల్ 17 ఇస్తుందనుకుందాం. పెట్రోల్ 107 రూపాయలు, డీజిల్ 96 అనుకుంటే నెల ఖర్చు 6,600కీ 4,500కీ మధ్య తేడా. సుమారు 2,100 మిగులుతుంది. డీజిల్ వేరియంట్ లక్షన్నర ఎక్కువైతే అది తిరిగి రావడానికి ఆరేళ్లు పడుతుంది. అదే నెలకు 2,000 కి.మీ. తిరిగే వ్యాపారస్తుడైతే రెండున్నరేళ్లలోపే వచ్చేస్తుంది. మీ ఊరి రేట్లు వేసుకుని మీరే చూసుకోండి.

తిరుగుడు ఎక్కువ, ఐదుగురితో శ్రీశైలం, అరకు ఘాట్లు తరచూ ఎక్కాలి అంటే మాత్రం డీజిల్ లాగుడే వేరు. నెక్సాన్ డీజిల్ టార్క్, అంటే ఇంజన్ లాగే బలం, 260 న్యూటన్ మీటర్లు, అదే కారు టర్బో పెట్రోల్‌ది 170. ఆ తేడా రెండో గేర్‌లో మలుపు తిరిగేటప్పుడు తెలుస్తుంది. ఈ సైజులో డీజిల్ ఇచ్చేవి ఇప్పుడు టాటా, హ్యుందాయ్, కియా, మహీంద్రా. మారుతి 2020లో బీఎస్6 రాగానే డీజిల్‌కి దండం పెట్టేసింది.

కంపెనీ చెప్పే మైలేజ్ ప్రయోగశాలలో కొలిచింది. మామూలు ఊరి ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని, దానిలో ముప్పావు వంతు వస్తే సంతోషించండి. పైగా బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దానివల్లా కొంత తగ్గుతుంది.

సీఎన్‌జీ అయితే డిక్కీ తెరిచి చూడకుండా ఒప్పుకోవద్దు. ఒకే పెద్ద సిలిండర్ డిక్కీలో అడ్డంగా పెట్టిన బండిలో సూట్‌కేసు పట్టదు. రెండు చిన్న సిలిండర్లు కింద పరిచే పద్ధతి టాటా తెచ్చింది, నెక్సాన్ సీఎన్‌జీలో ఇంకా 321 లీటర్ల చోటు మిగులుతుంది. మీ ఊళ్లో, మీరు వెళ్లే దారిలో బంకు ఉందా, ఉంటే పొద్దున్నపూట క్యూ ఎంత ఉంటుందో ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి.

ఎలక్ట్రిక్ సంగతి ఒక్క మాటలో: మీ పార్కింగ్‌లో మీ పేరు మీద ప్లగ్ పాయింట్ ఉంటే ఆలోచించండి, లేకపోతే వద్దు. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ బళ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది కాబట్టి ధర తేడా అనుకున్నంత ఉండదు.

ఆటోమేటిక్ అంటే ఒకటి కాదు

షోరూంలో "ఆటోమేటిక్ సార్" అంటారు. ఏ ఆటోమేటిక్ అని అడగండి. ఏఎంటీ చవకైనది, మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్ తొక్కే మర పెట్టినట్టు. మైలేజ్ తగ్గదు, కానీ గేరు మారినప్పుడల్లా చిన్న కుదుపు ఉంటుంది. పెద్దవాళ్లకి అది నచ్చదు. టార్క్ కన్వర్టర్ మెత్తగా నడుస్తుంది, గట్టిది, కొంచెం ఎక్కువ తాగుతుంది. రెండు క్లచ్‌లుండే డీసీటీ చకచకా గేర్లు మారుస్తుంది, నడపడానికి హుషారుగా ఉంటుంది. అయితే కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో గంటసేపు అంగుళం అంగుళం జరిపితే దాని క్లచ్‌లు వేడెక్కుతాయి. రోజూ ట్రాఫిక్‌లోనే బతుకు అయితే నా ఓటు టార్క్ కన్వర్టర్‌కి.

స్టార్‌లు లెక్కపెట్టడం ఒక్కటే సరిపోదు

మన దేశానికి సొంత క్రాష్ టెస్ట్ పద్ధతి, భారత్ ఎన్‌క్యాప్, 2023 అక్టోబరు 1న మొదలైంది. గంటకు 64 కి.మీ. వేగంతో కారు ముందు భాగాన్ని ఒకవైపుగా గుద్దిస్తారు. 50 కి.మీ. వేగంతో పక్క నుంచి గుద్దిస్తారు. పెద్దల రక్షణకి 32 మార్కులు, పిల్లల రక్షణకి 49 మార్కులు. అంతకు ముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ ఫలితాలే దిక్కు. 2018లో అందులో ఐదు స్టార్లు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు నెక్సాన్. ఆ తర్వాతే మన కొనుగోలుదారులు స్టార్ల గురించి అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు కొత్త నెక్సాన్, 3ఎక్స్ఓ, కైలాక్, కియా సైరోస్ అన్నిటికీ భారత్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఉన్నాయి.

కాబట్టి మీరు చూడాల్సింది స్టార్ల వెనక ఉన్న మార్కులు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే 49లో ఎన్ని వచ్చాయో చూడండి. వెనక ముగ్గురికీ మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా, మధ్యవాళ్లకి తలగడ ఉందా చూడండి. చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సీటు సందులో చేతికి అందుతున్నాయా, దుప్పటి కింద సూది వెతికినట్టు వెతకాల్సి వస్తుందా అన్నది కూడా ముఖ్యమే. రెండు చైల్డ్ సీట్లు పెడితే మధ్యలో అమ్మమ్మకి చోటుండదు, ఏ చిన్న ఎస్‌యూవీలోనూ ఉండదు. ఆ లెక్క ముందే వేసుకోండి.

ఇక సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టడం గురించి నేను చెప్పక్కర్లేదు అనుకుంటాను. కానీ ప్రతి ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద చూస్తూనే ఉన్నాను.

షోరూంకి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి, సూట్‌కేసుతో సహా

ఈ అడుగు దగ్గర తొందరపడొద్దు. శనివారం, ఆదివారం వద్దు, రద్దీగా ఉంటుంది. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్తే షోరూం కుర్రాడు మీకు గంట సమయం ఇస్తాడు.

ముందుగా మీరు డ్రైవర్ సీట్లో కూర్చుని మీ కాళ్లకి సరిపోయేలా సీటు జరుపుకోండి. అలాగే వదిలేసి దిగి, వెనక మీ సీటు వెనకే కూర్చోండి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. షోరూంలో ముందు సీటు ఎప్పుడూ బాగా ముందుకు జరిపి ఉంటుంది, లోపల విశాలంగా కనిపించడానికి. ఆ తర్వాత ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టి తలుపులు వేసి పది నిమిషాలు కబుర్లు చెప్పుకోండి. ఒక్క నిమిషం కూర్చుంటే అన్ని కార్లూ బాగానే ఉంటాయి. ఏడో నిమిషంలో మధ్యలో కూర్చున్నవాళ్లు కదలడం మొదలుపెడతారు. వీపు గట్టిగా తగులుతోందా, కాళ్ల మధ్య నేల మీద గడ్డ ఎంత ఎత్తుందో అప్పుడు చెప్తారు.

రెండో కారు కొనేటప్పుడు మా అమ్మని మూడు షోరూంలకి తిప్పాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మొదటి కారులో సీటు ఎత్తు. ఒక కాలు లోపల పెట్టి, పైన పట్టుకునే పిడిని పట్టుకుని లాక్కుంది, చీర కుచ్చెళ్లు తలుపు గడప మీద రాసుకుని మట్టి అంటింది. రెండోదాంట్లో సీటు కిందకుంది, కూర్చోవడం తేలికే గానీ దిగేటప్పుడు "ఉష్" అంటూ నా చేయి పట్టుకుంది. మూడోదాంట్లో తలుపు బాగా వెడల్పుగా తెరుచుకుంది. ఆవిడ వెనక్కి తిరిగి, సీటు అంచున కూర్చుని, రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంది. ఒక్క మాట కూడా అనలేదు, ఏసీ వెంట్ తన వైపు తిప్పుకుంది. మేం కొన్నది అదే. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే సీటు ఎత్తు వాళ్ల తుంటి ఎత్తుకి దగ్గరగా ఉండాలి. పైకి ఎగబాకాల్సిన పనీ ఉండకూడదు, కిందకి కుంగాల్సిన పనీ ఉండకూడదు.

పిల్లల్ని కూడా కూర్చోబెట్టి, బయట ఏం కనిపిస్తోందని అడగండి. కొన్ని బళ్లలో స్టైల్ కోసం కిటికీ గీతని వెనక్కి వెళ్లేకొద్దీ పైకి లేపుతారు. చిన్నపిల్లలకి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. అలాంటి పిల్లలే ఘాట్ రోడ్డు మీద మూడో మలుపుకి కవర్ అడుగుతారు.

డిక్కీ విషయంలో లీటర్ల అంకెని నమ్మొద్దు. ఒక కంపెనీ పార్సెల్ ట్రే (డిక్కీ మీద మూతలా ఉండే పలక) వరకు కొలుస్తుంది, ఇంకొకటి పైకప్పు దాకా కొలుస్తుంది. మీ ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూడండి. మొహమాటపడొద్దు, లక్షలు పోసి కొంటున్నారు. డిక్కీ గడప ఎంత ఎత్తుందో కూడా చూడండి. పాతిక కిలోల బియ్యం బస్తాని నడుము దాకా ఎత్తి ఆ గడప దాటించాలి కదా. కింద తివాచీ లేపితే స్టెప్నీ ఉందో, లేక పంక్చర్ కిట్ ఒక్కటే ఉందో తెలుస్తుంది.

టెస్ట్ డ్రైవ్ మీ ఇంటి నుంచే

షోరూం ముందున్న నున్నటి రోడ్డు మీద ఏ కారైనా వెన్నలా వెళ్తుంది. టెస్ట్ డ్రైవ్ కారుని ఇంటికి తెప్పించుకోండి, పంపిస్తారు. ఇంట్లో నలుగురిని ఎక్కించుకుని మీరు రోజూ వెళ్లే దారిలోనే నడపండి.

మొదటి పరీక్ష అపార్ట్‌మెంట్ సెల్లార్. ర్యాంప్ మధ్యలో బండి ఆపి, మళ్లీ కదిలించండి. వెనక్కి జారుతోందా, హిల్ హోల్డ్ పట్టుకుంటోందా? ఏఎంటీ బళ్లలో ఇక్కడే తేలిపోతుంది. చిన్న ఇంజన్ టర్బో బళ్లలో టర్బో అందుకునే లోపు ఒక్క క్షణం నీరసం ఉంటుంది, ర్యాంప్ మీద అది ఇబ్బంది పెడుతుందేమో చూసుకోండి. మీ పార్కింగ్ గడిలో పెట్టి తలుపులు పూర్తిగా తెరుచుకుంటాయా చూడండి. స్తంభం పక్కన గడి వచ్చినవాళ్లకి ఈ బాధ తెలుసు.

రెండోది స్పీడ్ బ్రేకర్. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, దాని అంకెలు, నెక్సాన్‌కి 208 మిల్లీమీటర్లు, కైలాక్‌కి 189, ఇవి కాగితం మీద పోల్చుకోవడానికే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండితే బండి దిగుతుంది. ఊళ్లో ఎవరికి వాళ్లు సిమెంటుతో పోసుకున్న స్పీడ్ బ్రేకర్లకి ఏ కొలతా లేదు. మనుషులతో నిండిన బండితో మీకు తెలిసిన అతి మొండి స్పీడ్ బ్రేకర్ దాటించండి. కింద తగిలిన చప్పుడు వస్తే ఆ కారు గురించి ఇంకోసారి ఆలోచించండి. దాటేటప్పుడు మీరు వెనక సీట్లో ఉంటే ఇంకా మంచిది, స్టీరింగ్ ఇంట్లో వేరేవాళ్లకి ఇవ్వండి. పెద్ద అలాయ్ చక్రాలు, పలచటి టైర్లు ఉన్న టాప్ వేరియంట్ గుంతల్లో కింది వేరియంట్ కన్నా గట్టిగా కొడుతుంది. టైరు మార్చేటప్పుడు ఖర్చూ ఎక్కువే.

మూడోది హైవే, పది నిమిషాలు చాలు. 80 నుంచి 100కి వెళ్లి లారీని దాటడానికి ఎంత సమయం పడుతుందో చూడండి, లోపల మామూలు గొంతుతో మాట్లాడుకోగలుగుతున్నారో లేదో చూడండి.

మూడు కార్ల టెస్ట్ డ్రైవ్‌లూ ఒకే వారంలో పూర్తి చేయండి. నెల గ్యాప్ వస్తే మొదటిది ఎలా ఉందో గుర్తుండదు. ప్రతి డ్రైవ్ తర్వాత ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్క ఫిర్యాదు రాయాలి. మెచ్చుకోలు అక్కర్లేదు. ఫిర్యాదులే చివరికి పనికొస్తాయి.

ఊరి మెకానిక్‌ని అడగండి

నరసరావుపేటలోనో జగిత్యాలలోనో ఉన్నవాళ్లు సర్వీస్ సెంటర్ ఎంత దూరమో ముందే చూసుకోవాలి. ఈ విషయంలో మారుతిని కొట్టేవాళ్లు లేరు, చిన్న ఊళ్లో ఉండి బండి గురించి టెన్షన్ పెట్టుకోలేనివాళ్లకి బ్రెజా చెప్పడానికి నాకు అదే ప్రధాన కారణం. సోనెట్, సైరోస్ తయారయ్యేది మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలోనే. అయినా సర్వీస్ మీ ఊళ్లో ఎలా ఉందన్నది వేరే సంగతి, ఫ్యాక్టరీ దగ్గరైనంత మాత్రాన స్పేర్ పార్ట్ త్వరగా రాదు.

సర్వీస్ సెంటర్ బయట టీ కొట్టు దగ్గర ఓ అరగంట నిలబడండి. బండి ఇచ్చి ఎదురుచూసేవాళ్లు అక్కడే ఉంటారు. కారు తీసుకుని రెండేళ్లు దాటినవాళ్లని వెతికి, ఏం పోయింది, ఎన్ని రోజులు పెట్టుకున్నారు, బిల్లు ఎంతైందని అడగండి. కొత్తగా కొన్నవాళ్లు ఎవరూ తమ కారుని తిట్టుకోరు.

నిర్ణయం, బేరం, డెలివరీ

ఈపాటికి మీ ఇంట్లోవాళ్లే తేల్చేసి ఉంటారు. ఇంకా ఊగిసలాట ఉంటే నా తీరు చెప్తాను. వెనక ఎప్పుడూ ముగ్గురు పెద్దలుంటే 3ఎక్స్ఓ. నడపడమంటే ఇష్టం, వెనక ఇద్దరు పిల్లలే అంటే కైలాక్. ఘాట్లు, హైవే తిరుగుడు ఎక్కువైతే నెక్సాన్, సోనెట్, వెన్యూల్లో ఏదో ఒక డీజిల్. చిన్న ఊరు, పదేళ్లు ఉంచుకోవాలనుకుంటే బ్రెజా. మీ కాగితం ఇంకోటి చెప్తే నా మాట పక్కన పెట్టండి.

బేరానికి ఒకే కారుకి రెండు డీలర్ల దగ్గర రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని ఒక వరుస కనిపిస్తే కొట్టేయమనండి. యాక్సెసరీస్ ప్యాక్ తప్పనిసరి అంటే పక్క డీలర్ దగ్గరికి వెళ్తానని చెప్పండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్లదీ దిగుతుంది. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లది తప్పనిసరి, దానితో పాటు జీరో డెప్ (క్లెయిమ్‌లో విడిభాగాల అరుగుదల కింద కోత లేని పాలసీ) తీసుకోండి. పాత కారు అమ్ముతుంటే దాని మీద ఉన్న నో క్లెయిమ్ బోనస్‌ని కొత్తదానికి మార్పించుకోవడం మర్చిపోకండి. క్లెయిమ్ చేయని ఏళ్లకి, సొంత బండి డ్యామేజీకి కట్టే ప్రీమియంలో అది గరిష్ఠంగా 50 శాతం దాకా తగ్గింపు ఇస్తుంది, పాత కారుతో పాటు కొన్నవాళ్లకి పోదు, అది మీదే.

రిజిస్ట్రేషన్ కాకముందే, పగటి వెలుతురులో, స్టాక్‌యార్డ్‌కి వెళ్లి మీకు ఇవ్వబోయే కారునే చూడండి. తయారైన నెల అడగండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2325 అంటే 2025లో 23వ వారం. నాలుగు టైర్లూ, స్టెప్నీ కొంచెం అటూ ఇటూగా ఒకే కాలానివి అయి ఉండాలి. బంపర్ అంచుల్లో రంగు తేడా, అద్దాల మీద గీతలు, ఓడోమీటర్ అంకె చూసి ఫోటోలు తీసుకోండి. ఒకసారి రిజిస్ట్రేషన్ అయిపోయాక బండి మార్చమంటే ఎవరూ వినరు.

డెలివరీ రోజు కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫోటోలు అన్నీ అయ్యాక గుడికి వెళ్లే దారిలోనే టైర్లలో గాలి చూపించండి. స్టాక్‌యార్డ్‌లో చాలాకాలం నిలబెట్టడం కోసం గాలి ఎక్కువ పట్టి ఉంచుతారు, దాన్ని తగ్గించకుండానే తాళాలు చేతిలో పెట్టేస్తారు. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది, ఐదుగురు ఎక్కితే ఎంత అన్నది కూడా అక్కడే వేరే గడిలో రాసి ఉంటుంది.